లిమిట్ స్విచ్ పనిచేయని క్రేన్‌కు ‘ఓకే’ అని సంతకం పెట్టాలా?

ప్రశ్న: ఫ్యాబ్రికేషన్ షెడ్డులో 10 టన్నుల ఈవోటీ క్రేన్ (పైన పట్టాల మీద కరెంటుతో నడిచేది) నడుపుతున్నాను. హుక్ పైకొసకు చేరగానే మోటారును ఆపే హాయిస్ట్ అప్పర్ లిమిట్ స్విచ్ పాడైతే, అది పనిచేయకుండానే క్రేన్ నడిచేలా వైరు కలిపి బైపాస్ చేశారు. రెండు వారాలుగా చెక్‌లిస్టులో ‘అన్నీ ఓకే’ అని నాతో సంతకం పెట్టిస్తున్నారు. 12 టన్నులు కూడా ఎత్తిస్తున్నారు. అడిగితే ‘125 శాతం టెస్టు పాసైన క్రేనే కదా’ అంటున్నారు. ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది?

జవాబు: ఇక ఆ సంతకం పెట్టకండి. ప్రధాన బాధ్యత యాజమాన్యానిదే. అయితే లోపం తెలిసీ ‘ఓకే’ రాసిన కాగితం దర్యాప్తులో మీకు ఎదురు తిరుగుతుంది. ఎవరైనా చనిపోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106(1) కింద నిర్లక్ష్యపు కేసులో మీ పేరూ చేరవచ్చు. దానికి శిక్ష ఐదేళ్ల వరకు ఉంటుంది.

125 శాతం వాదన చెల్లదు. సామర్థ్యానికి పావు వంతు ఎక్కువ బరువుతో చేసే ఆ టెస్టు అర్హత ఉన్న వ్యక్తి సమక్షంలో, చుట్టూ ఎవరూ లేకుండా, క్రేన్ బలం చూడటానికి చేసేది. దాని వల్ల రోజూ ఎత్తే పరిమితి పెరగదు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 29లోనే ‘పరీక్ష కోసం తప్ప’ సురక్షిత భారాన్ని మించకూడదని స్పష్టంగా ఉండేది. గర్డర్ (క్రేన్ అడ్డ దూలం) మీద 10 టన్నులని రాసి ఉంటే, లోడును కట్టే స్లింగులు, షాకిళ్ల బరువు కూడా కలిపి 10 టన్నులే.

ఇక లిమిట్ స్విచ్. అది లేకపోతే బటన్ వదలడం క్షణం ఆలస్యమైనా హుక్ బ్లాక్ వెళ్లి రోప్ చుట్టుకునే డ్రమ్‌కు గుద్దుకుంటుంది. మోటారు ఇంకా లాగుతూనే ఉంటుంది కాబట్టి రోప్ తెగి, బ్లాక్ లోడుతో సహా కింద పడుతుంది. ఖాళీ హుక్‌తోనూ ఇదే ప్రమాదం. బైపాస్ ఉందని తెలిశాక, చూపించడానికైనా హుక్‌ను పైదాకా తీసుకెళ్లకండి.

చెక్‌లిస్టులో ఇలా రాయండి: ‘మెయిన్ హాయిస్ట్ అప్పర్ లిమిట్ ఫలానా తేదీ నుంచి బైపాస్‌లో ఉంది. సరిచేసేవరకు క్రేన్ వాడరాదు.’ క్రేన్ నంబరు, షిఫ్టు, సమయం వేయండి. అదే విషయం యాజమాన్యానికి ఉత్తరంగా ఇచ్చి, కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. ఇవ్వకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. గడిచిన రెండు వారాల పేజీలు మాత్రం దిద్దకండి, చింపకండి. రికార్డు మార్చారన్న ఆరోపణ వేరే కేసవుతుంది. ఒత్తిడి మీద సంతకం పెట్టానని ఈ ఉత్తరంలోనే రాయండి.

2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వృత్తి భద్రత కోడ్, 2020 ప్రకారం ప్రమాదకర పరిస్థితి కనిపిస్తే చెప్పడం కార్మికుడి విధి కూడా. ప్రాణాపాయం ఉందనిపిస్తే సెక్షన్ 14 కింద యజమానితో పాటు ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్ (ఈ కోడ్ కింద తనిఖీ చేసే ప్రభుత్వ అధికారి)కూ ఏకకాలంలో తెలపవచ్చు. విధి నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే యజమానికి రెండేళ్ల వరకు జైలు, లేదా కనీసం 5 లక్షల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఈ సంగతి ఉత్తరంలో మర్యాదగా ప్రస్తావించండి, పని త్వరగా కదులుతుంది.

స్విచ్ మార్చాక ఖాళీ హుక్‌ను నెమ్మదిగా, కొద్దికొద్దిగా పైకి తీస్తూ అది నిజంగా ఆగుతోందో చూడండి. తర్వాత లోడును నేల నుంచి కొన్ని అంగుళాలు లేపి బ్రేక్ జారకుండా పట్టిందో చూడండి. సంతకం ఆ తర్వాతే.