పొద్దున్నే చేపలు నోళ్లు తెరుస్తున్నాయంటే…

బొబ్బిలి తమ్ముడూ, మేడ మీద ఆక్వాపోనిక్స్ (చేపల ట్యాంకు నీళ్లతోనే కంకర బెడ్డులో మొక్కలు పెంచే పద్ధతి) మొదలుపెట్టి, వెయ్యి లీటర్ల ట్యాంకులో 80 తిలాపియా చేపపిల్లలు వేసి రెండు వారాలైందని, రోజూ నాలుగైదు పోతున్నాయని, తోటకూర పసుపు రంగుకు తిరుగుతోందని రాశావు. టెన్షన్ పడకు. నాకైతే ఇది జబ్బులా అనిపించడం లేదు, నీళ్లలో అమ్మోనియా పెరిగి ఉంటుంది.

చేపలు వదిలే అమ్మోనియాను బ్యాక్టీరియా ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. మొక్క తినేది ముఖ్యంగా ఆ నైట్రేటే. కంకర బెడ్డులో ఆ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నెల నుంచి ఆరు వారాలు పడుతుంది. నువ్వు ముందే అన్ని చేపలూ దింపేశావు.

రెండు రోజులు మేత ఆపెయ్. మూడో వంతు నీళ్లు మార్చు. కుళాయి నీళ్లైతే ఒకరోజు ఎండలో ఉంచి, క్లోరిన్ పోయాకే పొయ్యి. నీళ్లలోకి గాలి పంపే ఏరేటర్ రాత్రి కూడా ఆపకు. అక్వేరియం షాపులో అమ్మోనియా టెస్ట్ కిట్ అడుగు, అది లేకుండా మనం చీకట్లో తడుముకోవడమే.

ఇంకోటి, నీ కంకర చూడు. ఆమదాలవలసలో నా మొదటి బెడ్డు రాయి మీద నిమ్మకాయ పిండితే బుసబుసా నురగొచ్చింది. సున్నం ఉన్న రాయి అది! దానివల్ల పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం కొలత) పెరుగుతుంది, పీహెచ్ పెరిగితే అమ్మోనియా మరింత విషం. అదంతా తీసేసి నాగావళి గులకరాళ్లు కడిగి వేశాకే నా చేపలు నిలబడ్డాయి.

లేత ఆకులు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము తక్కువైనట్టు, చిలేటెడ్ ఐరన్ (మొక్క సులువుగా పీల్చుకునే రూపంలోని ఇనుము) కొద్దిగా చాలు. పసుపైనవి ముదురాకులైతే నైట్రేట్ వచ్చేదాకా ఆగు. యూరియా మాత్రం వేయకు, ఉన్న చేపలూ పోతాయి.