ఏ మాట నీది, ఏ మాట వాళ్లది

మైలాపూరు, చెన్నై

చి. శైలజకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ సిద్ధాంత గ్రంథం మొదటి అధ్యాయం చదివాను. సరుకు బాగుంది, నీ గొంతే వినపడలేదు. బరువైన మాటలు వేస్తేనే పరిశోధన అనే భ్రమ మన తెలుగు శాఖల్లో పాతదే. కావలసింది అది కాదు. ఏది నీ మాటో, ఏది ఇతరుల మాటో చదివేవాళ్లకు ఎక్కడికక్కడ తెలియాలి.

నీ వాక్యమే చూడు: "భారతి పత్రిక ఆధునిక సాహిత్యానికి అపూర్వమైన సేవ చేసిందనడంలో ఎట్టి సందేహమూ లేదు." దేనితో పోల్చి అపూర్వం? సందేహమే లేకపోతే పరిశోధన ఎందుకమ్మా? ఇలాంటి వాక్యం కనబడగానే పరీక్షకులు ఆధారం కోసం వెతుకుతారు. భారతి 1924లో ఇదే ఊళ్లో మొదలైంది. కన్నెమరా గ్రంథాలయంలో అడిగి, తొలి ఏడాది సంచికలు దొరికినన్ని ముందేసుకుని కథలకెన్ని పుటలు, విమర్శకెన్ని, చరిత్రకెన్ని అని పట్టిక గీసుకో. అప్పుడు "నేను చూసిన సంచికల్లో కథకంటే చరిత్రకే ఎక్కువ చోటు దక్కింది" అనో, అందుకు తలకిందులుగానో, లెక్క ఎటు తేలితే అటు రాయి. దాన్ని కాదనాలన్నా ఎదుటివాళ్లు సంచికలు తిరగేయాల్సిందే.

భారతి "స్థాపించబడింది" అని రాయడం ఎందుకు? స్థాపించింది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. కర్త తెలిసినప్పుడు దాచకు.

ఇక క్రియలు. నువ్వు విమర్శకులందరికీ "పేర్కొన్నారు" తగిలించావు. ఆ మాటలో నీ తీర్పు లేదు. "నిరూపించారు" అంటే నువ్వూ ఒప్పుకున్నట్టు. "వాదించారు" అంటే ఇంకా ఒప్పుకోనట్టు. "సూచించారు" అంటే ఆ విమర్శకుడే గట్టిగా అనలేదని. ఒక్కో విమర్శకుడి దగ్గర ఆగి, వీటిలో ఏది నిజమో తేల్చుకుని రాయి. నా లెక్కన గొంతులో సగం ఇక్కడే ఉంది.

ఉల్లేఖన మూడు నాలుగు పంక్తులు చాలు. దాని తర్వాత కనీసం రెండు వాక్యాలు నీవి ఉండాలి: అందులో ఏ మాట ముఖ్యం, నీ వాదానికి అదెలా పనికొస్తుంది. పేరాని ఉల్లేఖనతో ముగిస్తే ఆఖరి మాట వాళ్లకు వదిలేసినట్టే. అచ్చుతీసిన కాగితం మీద నీ వాక్యాలకు ఆకుపచ్చ గీత, ఇతరుల వాటికి ఎర్ర గీత పెట్టు. పేజీ ఎర్రబడితే మళ్లీ రాయాల్సిందే.

"బహుశా అయి ఉండవచ్చునేమో అనిపిస్తుంది" అన్నావొకచోట. ఒక వాక్యానికి ఒక్క సంకోచం చాలు.

కాపీ గురించి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటి 40 లోపుంటే, ఆరు నెలలు మించకుండా ఇచ్చే గడువులో సవరించి మళ్లీ సమర్పించాలి. మాటలు మార్చి వాక్యాల వరస అలాగే ఉంచినా అది కాపీయే. మూలం చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాసి, ఆ తర్వాతే పుట సంఖ్య సరిచూసుకో.

"నేను" అనాలా, "ఈ పరిశోధకురాలు" అనాలా అన్నది మీ గైడుగారిని అడుగు. ఏదైనా చివరిదాకా ఒకటే ఉంచు.

దిద్దిన పది పేజీలు అచ్చుతీసి పంపు. ఫోన్లో చదవడం నా వల్ల కాదు.

మీ పెద్దమ్మ