పాఠకుల ప్రశ్నలు – జవాబులు: మామయ్య పేరిట స్కాలర్‌షిప్

ప్రశ్న: మా మేనమామది చిత్తూరు. డెబ్బైల్లో అమెరికా వెళ్లి, అక్కడి పౌరసత్వం తీసుకుని, ఆ దేశ విదేశాంగ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. నిరుడు కాలం చేశారు. ఆయన పేరుతో, అసలు ముట్టకుండా వడ్డీతోనే, మా జిల్లా డిగ్రీ కాలేజీల ఆడపిల్లలకు ఏటా స్కాలర్‌షిప్ ఇవ్వమని ఆయన పిల్లలు 20 లక్షలు పంపుతామంటున్నారు. నా ఖాతాలో వేయించుకుని ట్రస్టు పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: వేయించుకోకండి. ఇక్కడ చూసేది డబ్బు ఏ కరెన్సీలో ఉందని కాదు, ఇచ్చేవారి పాస్‌పోర్టు ఏ దేశానిదని. మామయ్య పిల్లలు అమెరికా పౌరులైతే వాళ్లిచ్చేది విదేశీ విరాళం. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) వర్తిస్తుంది. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డున్నా అంతే, చిత్తూరులో మామయ్య స్థలం అమ్మి రూపాయల్లో ఇచ్చినా అంతే. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే మాత్రం ఈ చట్టం అంటదు. బంధువులు పంపే సొమ్ముకు మినహాయింపు ఉందని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఉంది, కానీ ఆ జాబితాలో మేనమామ పిల్లలు లేరు. మన వైపు పిల్లనిచ్చి పుచ్చుకునే వరసే గాని, ఈ చట్టానికి బయటివాళ్లే.

కొత్త ట్రస్టు పెడితే ఎఫ్‌సీఆర్‌ఏ నమోదుకు మూడేళ్లు నడిచి ఉండాలి, ఆ మూడేళ్లలో ఆశయాల మీద 15 లక్షలు ఖర్చు చూపాలి. అంతవరకు ఆగలేకపోతే ఫలానా దాత, ఫలానా మొత్తం, ఫలానా పని అని ఎఫ్‌సీ-3బి ఫారంలో ముందస్తు అనుమతి అడగవచ్చు. ఆ డబ్బును నాలుగేళ్లలో ఖర్చు పెట్టేయాలి గనక, అసలు కదలకుండా వడ్డీతో నడపాలనుకునే మీకు అది కుదరదు.

ఇంత మొత్తానికి మేం చెప్పేది ఒకటే: ఇప్పటికే ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు ఉండి చదువుల మీద పనిచేస్తున్న సంస్థతో రాతపూర్వక ఒప్పందం చేసుకోండి. నమోదు ఐదేళ్లకే ఇస్తారు, గడువు తేదీ ముందే చూడండి. డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఆ సంస్థకున్న ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాలోనే పడాలి. నేరుగా తిరుపతి బ్రాంచికి వస్తే చట్టం మీరినట్టే. 2020 సవరణ తర్వాత ఆ సంస్థ డబ్బును మీ ట్రస్టుకు మళ్లించలేదు, పిల్లల ఖాతాల్లో తనే వేయాలి. ఎంపిక సంఘంలో మీరు కూర్చోవచ్చు.

ప్రశ్న: వడ్డీతో పదిమందికి ఇవ్వగలమా? ఎవరికివ్వాలి?

జవాబు: 6.5 శాతం అనుకుంటే ఏడాదికి 1,30,000 వస్తుంది. అందులో 15 శాతం, అంటే 19,500, ధర్మసంస్థ షరతుల్లేకుండా మిగుల్చుకోవచ్చు. దాన్ని డిపాజిట్‌లో కలుపుతూ పోకపోతే పదేళ్లకు స్కాలర్‌షిప్ విలువ కరిగిపోతుంది. మిగిలే 1,10,500లో ఐదుగురికి 20,000 చొప్పున లక్ష, లెక్కలు, ఆడిట్‌కు 10,500. పదిమందికి పదేసి వేలిస్తే పేపర్లో ఫొటో నిండుగా ఉంటుంది గాని, పిల్లకు మెస్ బిల్లు కూడా తీరదు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చే పిల్లకు మళ్లీ ఫీజుకని కాక మెస్‌కు, బస్ పాస్‌కు, పుస్తకాలకు ఇవ్వండి. సగం చేరగానే, సగం మొదటి సెమిస్టర్ హాజరు చూశాక. పిల్లది కేవైసీ పూర్తికాని 'చిన్న ఖాతా' అయితే నెలకు 10,000 మించి తీసుకోలేదు, కాబట్టి ముందే పూర్తి చేయించండి.

ఒక కులానికో మతానికో పరిమితం చేస్తే ట్రస్టు పన్ను మినహాయింపు పోతుంది. ఆడపిల్లలకని రాస్తే ఇబ్బంది లేదు. వలస వెళ్లి భాషలతో బతికిన మనిషి పేరు కదా, తల్లిదండ్రులు కువైట్‌కో బెంగళూరుకో పనికెళ్లిన పిల్లలకు, తమిళమో కన్నడమో ఇంట్లో మాట్లాడుతూ తెలుగులో చదివిన సరిహద్దు మండలాల పిల్లలకు కొన్ని మార్కులు పెట్టండి. తిరుపతి లూథరన్ మిషన్ బడిలో చదివి, 1949–52లో మాస్కోలో మన రాయబారిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ కూడా స్కాలర్‌షిప్‌ల మీద చదువుకున్నవారే.

ప్రశ్న: బ్యానర్ మీద 'రాయబారి' అని వేయవచ్చా?

జవాబు: ఆయన ఒక దేశంలో రాయబార కార్యాలయానికి అధిపతిగా చేసి ఉంటేనే. కాన్సల్, సెక్రటరీ, కౌన్సెలర్ వేరే దౌత్య హోదాలు. రిటైర్మెంట్ కాగితాల్లో ఉన్నదే వేయండి, లేదా 'దౌత్యాధికారి' అనండి. అమెరికా విదేశాంగ శాఖ ముద్ర అనుమతి లేకుండా వాడకండి, మన మూడు సింహాల చిహ్నం అసలే వద్దు.