మంచులో స్కీయింగ్ చేసి వచ్చిన రాత్రి కళ్లలో మంట.. బీపీ ఉన్నా మళ్లీ వెళ్లొచ్చా?

ప్రశ్న: నా వయసు 44. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బీపీకి టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 కలిసిన మాత్ర రోజూ ఉదయం వేసుకుంటున్నాను. 130/80 దగ్గర ఉంటోంది. కిందటేడాది మార్చి చివర్లో స్నేహితులతో సియెరా నెవాడా కొండల్లోని డానర్ సమ్మిట్ వైపు క్రాస్ కంట్రీ స్కీయింగ్‌కి (స్కీలు కట్టుకుని, చేతికర్రల సాయంతో మంచు మీద నడుస్తూ సాగడం) వెళ్లి, ఆ రోజే తిరిగొచ్చాం. రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు ఒకటే మంట, నీళ్లు. లైటు చూడలేకపోయాను. ముఖం కమిలిపోయింది. ఒళ్లునొప్పులకు రెండు రోజులు ఐబుప్రొఫెన్ వాడాను. కళ్లలో ఆముదం చుక్క వేసుకోమని అమ్మ ఫోన్‌లో చెప్పింది కానీ వేసుకోలేదు. అది కళ్లకలకేనా? ఈ వసంతంలో మళ్లీ వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: వెళ్లొచ్చు. అయితే కిందటిసారి వెళ్లినట్టు మాత్రం వెళ్లకండి.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి అది కళ్లకలక అనిపించడం లేదు. కళ్లకలక అయితే సాధారణంగా పుసులు కడతాయి, ఇంట్లో ఇంకొకరికి అంటుకుంటుంది. మీ కంటి నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, అంటే కార్నియా, ఎండకు కమిలింది. దీన్ని ఫొటోకెరటైటిస్ అంటాం. ఎండలో ఉన్నంతసేపూ ఏమీ తెలియదు. ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత మంట మొదలవుతుంది. అందుకే చాలామంది దీన్ని ఇన్ఫెక్షన్ అనుకుంటారు. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది.

మనవాళ్లు మంచు అనగానే చలికి భయపడి జాకెట్ మీద జాకెట్ వేసుకుంటారు, చలువ కళ్లద్దాలు మాత్రం కారులోనే వదిలేస్తారు. వసంతంలో అసలు భయం ఎండతోనే. కొత్తగా పడిన మంచు, తన మీద పడిన అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి పైకి కొడుతుంది. దానికితోడు ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ ఆ కిరణాల తీవ్రత దాదాపు 10 శాతం పెరుగుతుంది. డానర్ సమ్మిట్ ఏడు వేల అడుగులపైన ఉంది, మీ ఊరు ఇంచుమించు సముద్ర మట్టంలో ఉంది. ఎండ కింది నుంచి కూడా తగులుతుంది కాబట్టి టోపీ ఒక్కటే చాలదు. గడ్డం కింద, ముక్కు కింద కూడా చర్మం కమలడం అందుకే. మన చాయ చర్మాన్ని కొంత కాపాడుతుంది కానీ కార్నియాకు ఆ రక్షణ లేదు.

కాబట్టి పక్కలు కూడా మూసి ఉండే, యూవీ 400 (అతినీలలోహిత కిరణాలను ఆపుతాయనడానికి గుర్తు) అని రాసి ఉన్న అద్దాలు కొనండి. నల్లగా ఉన్నంత మాత్రాన సరిపోదు. మబ్బు పట్టినా తీయకండి. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ చెవులకు, గడ్డం కింద కూడా రాసుకుని, రెండు గంటలకోసారి మళ్లీ రాయండి. మీ మాత్రలోని హైడ్రోక్లోరోథయజైడ్ కొందరిలో చర్మాన్ని ఎండకు మరింత సున్నితంగా మారుస్తుంది. ముఖం అంతగా కమలడంలో దాని వాటా కూడా ఉండొచ్చు.

ఆముదం వేసుకోకపోవడం మంచిదైంది. అమ్మ నొచ్చుకుంటే, మూసిన రెప్పల మీద నందివర్ధనం పూలు పెట్టుకున్నానని చెప్పండి. చల్లటి తడిగుడ్డ కూడా అదే పని చేస్తుంది. మళ్లీ మంట వస్తే కళ్లు నలపకండి, కాంటాక్ట్ లెన్స్ ఉంటే తీసేయండి, కళ్లను తడిగా ఉంచే, ప్రిజర్వేటివ్ లేని లూబ్రికెంట్ చుక్కలు వేసుకోండి. తిమ్మిరెక్కించే చుక్కలు ఎవరిచ్చినా ఇంట్లో వాడొద్దు, అవి కార్నియా మానడాన్ని ఆలస్యం చేస్తాయి. రెండు రోజులకీ తగ్గకపోయినా, చూపు మసకబారినా కంటి డాక్టర్‌కి చూపించండి. ఒక్కోసారి తిరుగు ప్రయాణంలోనే మంట మొదలవుతుంది. కాబట్టి డ్రైవింగ్‌కి ఇంకొకరు సిద్ధంగా ఉండాలి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం ఐబుప్రొఫెన్. క్రాస్ కంట్రీలో చేతులు, కాళ్లు, నడుము అన్నీ పనిచేస్తాయి. లోపల చెమట కారుతున్నా చల్లగాలికి దాహం తెలియదు. ఒంట్లో నీరు తగ్గిన స్థితిలో మీ మాత్రలోని రెండు మందులకు ఐబుప్రొఫెన్ తోడైతే కిడ్నీలకు రక్త సరఫరా పడిపోయి, అవి దెబ్బతినే ప్రమాదం ఉంది. పైగా బీపీనీ పెంచుతుంది. నొప్పులకు పారాసిటమాల్ వాడండి. అక్కడ టైలెనాల్ పేరుతో దొరికేది అదే. దాహం కోసం ఆగకుండా మధ్యమధ్యలో నీళ్లు తాగుతూ ఉండండి. ఈ మాత్రకు మూత్రం ఎక్కువగా వస్తుంది, దారిలో బాత్‌రూమ్ ఇబ్బందని ఆ ఉదయం బీపీ మాత్ర మానేసేవాళ్లున్నారు, ఆ పని చేయొద్దు. మందు మార్చాలా అన్నది మీ డాక్టర్ తేలుస్తారు.

130/80 ఉంటే ఈ వ్యాయామానికి బీపీ అడ్డు కాదు. మాట్లాడుతూ సాగగలిగేంత వేగం చాలు. ముందున్నవాళ్లను అందుకోవాలనే పంతం వద్దు. గుండెల్లో బరువు, అలవాటు లేని ఆయాసం, తల తిరగడం ఉంటే ఆగిపోయి సాయం అడగండి. ఏడాదంతా కుర్చీలోనే గడుస్తుంటే, ఇంట్లో చిన్న వయసులో గుండెజబ్బు వచ్చినవాళ్లుంటే, ముందే ఒకసారి పరీక్ష చేయించుకోవాలి.

జీన్స్, కాటన్ బనియన్ వద్దు. చెమటకు తడిస్తే ఆరవు, ఆగగానే వణుకు పుడుతుంది. వసంతంలో పొద్దున గట్టిగా జారుడుగా ఉన్న మంచు మధ్యాహ్నానికి మెత్తబడి స్కీలు దిగబడతాయి. అలసిన కాళ్లతో పడిపోయేది అప్పుడే. చేతికర్రతో సహా పడితే బొటనవేలి మొదట్లో ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్ తెగొచ్చు. అక్కడ వాచి, వేళ్లతో చిటికెడు ఉప్పు పట్టుకోవడానికి కూడా పట్టు లేకపోతే బెణుకని వదిలేయకుండా ఎక్స్‌రే తీయించండి. పొద్దున్నే మొదలుపెట్టి, మధ్యాహ్నానికి ముగించుకోండి.

ఈ మధ్య కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, పొటాషియం రక్తపరీక్షలు చేయించుకోకపోతే ట్రిప్పుకు ముందే చేయించుకోండి. ఆ రిపోర్టు చూపించేటప్పుడు ఐబుప్రొఫెన్ వాడిన సంగతి కూడా మీ డాక్టర్‌కి చెప్పండి.