ఏడేళ్ల బాబుకి ఐక్యూ 92 వస్తే వెనకబడినట్టా?

92 అంటే నూటికి 92 మార్కులా, లేక మా వాడు వెనకబడ్డాడా అని అడిగారు. రెండూ కాదండీ.

ఇది మార్కు కాదు, వరసలో చోటు. అదే ఈడు పిల్లల సగటును 100 అనుకుని లెక్క కడతారు. ఐక్యూ కొలవడానికి వాడే వెష్లర్ పరీక్షలో దాదాపు 68 శాతం పిల్లలు 85–115 మధ్యే ఉంటారు. వందమందిని వరసలో నిలబెడితే సుమారు 30 మంది మీవాడి వెనకే. మామూలు స్కోరే, టెన్షన్ వద్దు. మానసిక వయసును అసలు వయసుతో భాగించి 100తో హెచ్చవేసే పాత సూత్రం ఇక్కడ వర్తించదు. (పాఠ్యపుస్తకాలు మాత్రం దాన్ని వదలవు!)

ఇంకో రోజు రాస్తే 88 రావచ్చు, 96 రావచ్చు. రిపోర్టులో స్కోరు పక్కన ఆ రేంజి ఇస్తారు, చూడండి.

అసలు చూడాల్సింది లోపలి విడి స్కోర్లు. మాటల భాగంలో 108, వేగం భాగంలో 76 ఉంటే మొత్తం స్కోరు చెప్పేది తక్కువే. తెలిసినా, పెన్సిల్‌తో గబగబా గుర్తులు పెట్టలేకపోయి ఉండొచ్చు.

ఇంతకీ పరీక్ష ఏ భాషలో పెట్టారు? ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లాణ్ణి ఇంగ్లీషు పదాలకు అర్థాలు అడిగితే, అక్కడ చాలావరకు కొలిచింది ఇంగ్లీషునే.