పాడైన ఫ్రిజ్‌ను, పాత డబ్బా టీవీని విజయనగరంలో ఎక్కడ అమ్మితే మంచి ధర వస్తుంది?

ధర సంగతి తరువాత చూద్దాం. ముందు ఆ ఫ్రిజ్ మీ ఇంటి గుమ్మం దాటగలదో లేదో టేపు పెట్టి కొలుచుకోండి. వేళాకోళానికి అనడం లేదు. తోటపాలెంలోని మా మేడ మీద నుంచి ఒక ఫ్రిజ్‌ను కిందికి దించడానికి నాకు పదేళ్ల కాలమూ, ఒక నిండు ఆదివారమూ పట్టాయి.

అది 165 లీటర్ల ఒంటి తలుపు ఫ్రిజ్. 1996లో మా నాన్నగారు పీఎఫ్‌లో లోను తీసుకుని కొన్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక మా వీధిలో చాలా రోజులు కరెంటు లేదు. వచ్చిన రోజున వోల్టేజి ఎగిరెగిరి పడింది. స్టెబిలైజరును ఏడాది కిందటే టీవీకి మార్చి, మళ్లీ ఫ్రిజ్‌కు పెట్టడం మరిచిపోయిన ఘనత నాదే. కంప్రెసరు రెండుసార్లు గురక పెట్టి ఆగిపోయింది. కంప్రెసరు మార్చి గ్యాసు నింపడానికయ్యే ఖర్చుకు ఇంకొంత కలిపితే కొత్తదే వస్తుందని మెకానిక్ చెప్పాడు. కొత్తది వచ్చింది గాని పాతది పోలేదు.

పోకపోవడానికి మొదటి కారణం ఎక్స్ఛేంజ్ అనే మాయ. పాత ఫ్రిజ్ ఇస్తే 1500 రూపాయలు తగ్గిస్తామన్నారు షాపువాళ్లు. ఇవ్వకపోతే ఎంతకిస్తారని పక్కకు తీసుకెళ్లి అడిగితే, అప్పుడూ అదే ధర చెప్పారు. అంటే నా ఫ్రిజ్ విలువ అక్షరాలా సున్నా. పైగా దాన్ని మేమే మేడ దించి వీధిలో పెడితే తప్ప వాళ్ల బండి ఎక్కించుకోదట.

రెండో కారణం మా అమ్మ. ఆవిడ ఆ ఫ్రిజ్‌కు మర్నాడే వేరే ఉద్యోగం ఇచ్చింది. ఫ్రిజ్ తలుపు అంచున ఉండే రబ్బరులో అయస్కాంతపు పట్టీ ఉంటుంది కనుక, కరెంటు లేకపోయినా తలుపు టప్పున అతుక్కుంటుంది. ఎలుక దూరదు, చీమ కూడా దూరదు. పై అరలో చింతపండు, కింది అరలో ఎండుమిరపకాయలు, గుడ్ల గూళ్లలో గుండీలు, కూరగాయల ట్రేలో గ్యాసు పుస్తకమూ ఆధార్ జిరాక్సులూ చేరాయి. ఇలా బీరువాగా మారిన ఫ్రిజ్, పిండిబానగా మారిన వాషింగ్ మెషీను మన జిల్లాలో ప్రతి మూడో ఇంట్లోనూ ఉంటాయని నేను పందెం కాస్తాను. చిన్నపిల్లలున్న ఇళ్లవాళ్లు మాత్రం ఈ ముచ్చటకు పోవద్దు. దాగుడుమూతల్లో పిల్లలు లోపల దూరితే గాలి ఆడదు. బయట పెట్టదలుచుకున్నా ముందు తలుపు ఊడదీసి పెట్టండి.

2024లో మా ఊరి సిరిమాను పండగకు వారం ముందు, చుట్టాలు దిగుతారు కదా, వరండా ఖాళీ చేద్దామని పాత సామాన్లవాడిని పిలిచాను. ఆయన పైకి వచ్చి, ఫ్రిజ్‌ను ఒక పక్క ఎత్తి చూసి, "ఇది బరువెక్కువ, సరుకు తక్కువ బాబూ" అన్నాడు. ఆ ఒక్క మాటలో ఫ్రిజ్ నిర్మాణమంతా ఉంది. బయట పల్చటి రేకు, లోపల ప్లాస్టిక్కు, నడుమంతా నురగ. ఆయన చూపంతా కింద నల్లగా కుండలా ఉండే కంప్రెసరు మీదే, ఎందుకంటే దానిలో రాగి చుట్ట ఉంటుంది. ఇనుము కిలోకు పాతికో ముప్పయ్యో ఇస్తారు, రాగికైతే వందల్లో పలుకుతుంది.

ఇద్దరు కలాసీలు వచ్చి ఫ్రిజ్‌ను మెట్ల దాకా నడిపించారు. అక్కడ ఆగిపోయింది. ఫ్రిజ్ పైకెక్కిన రోజుల్లో మెట్లకు గేటు లేదు. దొంగల భయంతో 2003లో ఇనుప గ్రిల్లు గేటు పెట్టించాము. దాని సందు 21 అంగుళాలు, ఫ్రిజ్ వెడల్పు 22. తిప్పి చూస్తే లోతు 25. గేటు కోయిద్దామంటే వెల్డింగువాడు పండగ పని మీద ఉన్నాడు. తాళ్ల మీద పిట్టగోడ పై నుంచి దించుదామని మా బావగారు ఫోనులో సలహా ఇచ్చారు. ఆయన పాలకొండలో కూర్చుని ఎన్నయినా చెప్పగలరు. చివరికి సామాన్లవాడే తలుపు ఊడదీశాడు, వెనకనున్న నల్లటి జాలీ మీద చెయ్యి వేసి, "ఇది తీసీమంటారా బాబూ?" అని అడిగాడు. తీసెయ్యమన్నాను. కటింగ్ ప్లేయరుతో గొట్టం నొక్కి కోయగానే బుస్సుమని గ్యాసు తన్నుకొచ్చింది, వెనకే మాడిన నూనె కంపు. కలాసీలు నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. కంప్రెసరు పక్కనున్న చీటీ మీద ఆర్-12 అని ఉండడం అంతకు ముందే చూశాను. ఓజోను పొరకు చిల్లు పెడుతుందని, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద ప్రపంచమంతా మానుకున్న గ్యాసు అదే. దాన్ని యంత్రంతో సిలిండరులోకి లాగి పట్టాలి గాని గాలిలోకి వదలకూడదు. పదేళ్లపాటు చింతపండుకు కాపలా కాసిన ఫ్రిజ్ తన గ్యాసును కూడా భద్రంగా దాచింది. గేటు పట్టలేదని నేనే దగ్గరుండి వదిలించాను. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఆర్-600ఎ ఉంటుంది. అది ఓజోనును ఏమీ చేయదు గాని మండుతుంది. కాబట్టి మీది కొత్త రకమైతే ఇంటి మెట్ల మీద, బీడీ కాల్చేవాళ్ల నడుమ అసలే కోయించకండి.

మరి చట్టం లేదా అంటే నిక్షేపంలా ఉంది. 2022లో వచ్చి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం, వాడి పారేసిన వస్తువులు అనుమతి ఉన్న రీసైక్లింగు కేంద్రాల ద్వారా శుద్ధి అయ్యేలా చూసే బాధ్యత తయారుచేసిన కంపెనీలది. ఆ జాబితాలోని 106 రకాల వస్తువుల్లో ఫ్రిజ్‌లూ టీవీలూ ఉన్నాయి. కొత్త వస్తువుల మీద చెత్తబుట్టకు అడ్డంగా గీతలు కొట్టిన బొమ్మ ఉండేది, మామూలు చెత్తలో వేయొద్దని చెప్పడానికే. చట్టాన్ని నమ్మి నేను మా ఫ్రిజ్ కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోను చేశాను. పది నిమిషాల పాట విన్నాక ఒక అమ్మాయి వచ్చి, పిన్‌కోడు అడిగి, మీ ప్రాంతంలో ఆ సేవ ప్రస్తుతం లేదు సార్ అని మర్యాదగా చెప్పింది. అదే పిన్‌కోడుకు కొత్త ఫ్రిజ్ మాత్రం రెండు రోజుల్లో వస్తుంది.

లెక్క కూడా చెబుతాను, మీరు అడిగింది ధరే కనుక. కాటా మీద 38 కిలోలు తూగింది. "థర్మాకోలు తీసేస్తే ఇందులో ఏటుంది బాబూ" అంటూ 900 ఇచ్చాడు. కలాసీలకు నేను ఇచ్చింది 1200. అంటే ఫ్రిజ్ అమ్మినందుకు నా జేబులోంచి 300 పోయింది. "నాన్నగారు తెచ్చిన వస్తువు తొమ్మిది వందలకా?" అని అమ్మ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. మూడు వందలు ఎదురు ఇచ్చానని ఆవిడకు ఇప్పటికీ తెలియదు. అందుకే నా అభిప్రాయం ఖాయం: చల్లబరుస్తున్న ఫ్రిజ్‌నే అమ్మాలి. తిరుగుతూ, మోగుతూ ఉన్నప్పుడు తెలిసినవాళ్లు ఎవరైనా వాళ్ల మనుషులతో వచ్చి మోసుకుపోతారు. ఆగిపోయిన మర్నాటి నుంచి మోత కూలి మీదే.

ఇక మీ డబ్బా టీవీ. దానికి మంచి ధర కాదు, ఏ ధరా రాదు. పిక్చర్ ట్యూబు గాజులో సీసం ఉంటుంది, ఎవరికీ పనికిరాదు. సామాన్లవాడు మా టీవీ వెనక మూత విప్పి, ట్యూబు మెడకున్న రాగి చుట్ట వరకు తీసుకుంటానన్నాడు. గాజు ఏం చేస్తావంటే, "గాజు మీకే బాబూ" అన్నాడు. ట్యూబు పగిలితే ఆ ముక్కలు మా పెరట్లోనే ఉంటాయని నేను ఒప్పుకోలేదు. తడి చెత్త, పొడి చెత్త కోసం వచ్చే బండిలో టీవీ వేయమని అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

ప్రస్తుతం అది మెట్ల కింద, మీటరు బోర్డు పక్కన ఉంది. నెలనెలా రీడింగు తీయడానికి వచ్చే కుర్రాడు సంచి దాని నెత్తిన పెట్టుకుని బిల్లు కొడుతున్నాడు. పోయిన నెల దాన్ని కాస్త ఇవతలకు జరపమని అడిగాడు, వెలుతురు సరిపోవడం లేదట.