టీవీ చర్చ పెట్టగానే నాన్నకు బీపీ పెరుగుతోంది... మాత్ర డోసు పెంచాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు, ఊరు పల్నాడు జిల్లా. ఆరేళ్లుగా బీపీ మాత్ర వాడుతున్నారు. రోజూ రాత్రి 9కి రాజకీయ చర్చ పెట్టుకుని టీవీ మీద అరుస్తారు. అవతలి పార్టీ అని బాబాయితో మాటలు మానేశారు. నిన్న చర్చ మధ్యలో చూస్తే బీపీ 168/98. డోసు పెంచాలా?

జవాబు: సొంతంగా పెంచొద్దు. కోపంలో ఉండగా చూసిన ఒక్క రీడింగ్‌తో డోసు తేల్చలేం. వారం పాటు ఉదయం మాత్రకు ముందు, రాత్రి భోజనానికి ముందు చూడండి. అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్ వద్దు. టీవీ కట్టేసి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చేయి గుండె ఎత్తులో ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాయండి. మొదటి రోజువి వదిలేసి, మిగతా వాటి సగటు 135/85 లేదా అంతకు మించితే ఆ కాగితంతో మీ డాక్టర్‌ను కలవండి.

180/120 దాటితే 5 నిమిషాలాగి మళ్లీ చూడండి. తగ్గకపోతే అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. ఛాతీనొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, మాట తడబడటం ఉంటే మాత్రం వెంటనే 108కి ఫోన్ చేయండి. బీపీ తగ్గించే నిఫెడిపిన్ మందును నాలుక కింద పెట్టే పాత అలవాటు కొన్నిచోట్ల ఇంకా ఉంది. దానివల్ల బీపీ ఒక్కసారిగా పడిపోయి పక్షవాతం రావచ్చు.

కోపం కట్టలు తెంచుకున్నాక సుమారు రెండు గంటలు గుండెపోటు ముప్పు ఎక్కువ. 9 గంటల చర్చతో ఆ సమయం కాస్తా నిద్రవేళలో పడుతోంది. వార్తలు పొద్దున పేపర్లో చదవనివ్వండి, రాత్రి 8 తర్వాత ఫోన్ పడగ్గదిలోకి రానివ్వకండి.

‘రాజకీయాలు నీకెందుకు’ అని మాత్రం అనకండి. ఆయన భయం ఉత్తది కాదు. 2024 మే 13 ఎన్నికల పోలింగ్ నాడు, ఆ తర్వాత పల్నాడులో, తాడిపత్రిలో జరిగిన గొడవలు, దాడులు చూశాం. లెక్కింపు తర్వాత కూడా 15 రోజులు 25 కంపెనీల కేంద్ర బలగాలను రాష్ట్రంలో ఉంచాలని ఎన్నికల సంఘం ఆదేశించాల్సి వచ్చింది. ఓడితే కేసులు పెడతారు, పింఛను తీసేస్తారు, బిల్లులు ఆపేస్తారన్న భయం రెండు పక్కలా పాతుకుంటే ఓటమిని ఎవరూ మామూలుగా తీసుకోరు. ఎన్నికల మీదే నమ్మకం సడలేది అప్పుడే. నలుగుర్ని ఒకేసారి అరిపించే చర్చలు ఆ భయాన్నే ఎగదోస్తాయి (అరిస్తేనే రేటింగ్ మరి). పథకం మంచిదా చెడ్డదా అని ఎంత వాదించుకున్నా ఫర్వాలేదు. ‘వాళ్లసలు మనుషులేనా’ అన్న మాట వినపడితే ఛానెల్ మార్చేయండి.

బాబాయిగారితో మాటలు వాట్సాప్ గ్రూపులో కలపాలని చూడొద్దు. పది మంది చూస్తుంటే ఎవరూ తగ్గరు. ఇద్దర్నీ విడిగా కూర్చోబెట్టి, మిర్చి రేటో సాగర్ కుడి కాలువ నీళ్లో, ఇద్దరికీ పనికొచ్చే సంగతి ఎత్తండి.

రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, గుండెదడ, ఊరికే చిరాకు తగ్గకపోయినా సైకియాట్రిస్ట్‌కు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు.